రాగితీగ

ఇంజన్ గొంతు వినిపిద్దామని నాన్నకి వీడియో కాల్ చేస్తే ఆయనకేమీ వినపడలేదు.

డెన్వర్‌లో అప్పుడు రాత్రి, తెనాలిలో పొద్దున. గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి, ఫోన్ ఒక పాత పెయింటు డబ్బా మీద నిలబెట్టి, కిక్ కొట్టాను. నాలుగో కిక్కుకి అందుకుంది. మూడు వారాలు స్పేర్ల కోసం ఎదురుచూసి, సిలిండర్ బోర్ చేయించి, కొత్త పిస్టన్ వేసి, చేతులు పగిలేలా బిగించుకున్న ఇంజన్. గరాజంతా నీలం పొగ. పక్కింటాయన కిటికీ వేసుకున్న చప్పుడు కూడా తెలిసింది. ఫోన్‌లో నాన్న మాత్రం కళ్లద్దాలు సర్దుకుంటూ "ఊఁ, స్టార్ట్ చెయ్ మరి" అంటున్నాడు.

సంగతి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. కాల్స్‌లో చుట్టుపక్కల రొద వినపడకుండా సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది కదా. మనిషి మాట వెళ్లనిస్తుంది, ఫ్యాను హోరులాంటివాటిని కత్తిరిస్తుంది. టూ స్ట్రోక్ ఇంజన్ ఐడ్లింగ్ ఆ లెక్కలో పక్కా రొద. ఇలాంటి ఫిల్టర్ మీదే ఒకప్పుడు ఆరు నెలలు పనిచేసినవాణ్ని, అది ఎంత బాగా పనిచేస్తుందో ఆ రాత్రే తెలిసింది. చివరికి విడిగా రికార్డు చేసి పంపాను. నాన్న రెండుసార్లు విని "గొంతు సంగతి తర్వాత, ప్లగ్గు తీసి చూశావా?" అన్నాడు.

ఈ ప్రశ్న నేను నెల కిందట వేసుకోవాల్సింది.

బండి యమహా బాన్షీ. వైజాగ్ బీచ్‌లోనూ గోవాలోనూ అద్దెకు తిప్పే నాలుగు చక్రాల ఇసుక బళ్లు చూసుంటారు, ఏటీవీ అంటారు. అవి సాధుజంతువులు. బాన్షీ ఆ జాతిదే కానీ ఆ గుణం కాదు. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, నీళ్లతో చల్లబడే ఇంజన్. 1987లో మొదలుపెట్టి అమెరికాలో 2006 దాకా అమ్మారు. ఇంజన్ మూలం యమహా రోడ్డు బండి ఆర్‌డీ 350 ఎల్‌సీది. మన రాజ్‌దూత్ 350కి కూడా ఆ ఆర్‌డీ వంశంతోనే చుట్టరికం, కాకపోతే అది గాలితో చల్లబడే పాత శాఖ. కొలొరాడోలోనే అరవై దాటిన ఒకాయన దగ్గర కొన్నాను. ఆయన పోర్టులు పెద్దవి చేయించాడు, పాత సైలెన్సర్లు పీకేసి బొజ్జ పెరిగిన పొడుగాటి పైపులు పెట్టాడు, ఫిల్టర్ డబ్బా తీసేసి కార్బురేటర్లకే నేరుగా ఫిల్టర్లు తొడిగాడు. పైపుల బొజ్జ అలంకారం కాదు. బయటికి పోయే పొగతో పాటు జారిపోబోయే తాజా పెట్రోలు గాలిని, వెనక్కి తిరిగొచ్చే పీడన తరంగం మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. ఈ ఇంజన్‌లో పొగ బయటికి పోయే దారికి కవాటం లేదు, ఈ తరంగమే ఒక రకం కవాటం. ఇది మొదటిసారి అర్థమైన రోజు నాకు నిద్రపట్టలేదు.

ఇన్ని మార్పులు చేశాక ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. ఆ పెట్రోలు కొలిచి పంపేది జెట్. వేలిగోరంత ఇత్తడి ముక్క, మధ్యలో సన్నటి బెజ్జం, పక్కన ఒక నంబరు. నంబరు పెరిగితే ఎక్కువ పెట్రోలు. కంపెనీ నుంచి వచ్చిన బాన్షీలో మెయిన్ జెట్ 200. నా బండిలో 270.

జెట్ అంటాం గానీ కార్బురేటర్లో పెట్రోలు దారి ఒకటే కాదు. ఐడ్లింగ్‌లో, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు పైలట్ జెట్ మాట చెల్లుతుంది. అక్కణ్నుంచి ముప్పావు దాకా సూది పెత్తనం. గాలిని తెరిచే గొట్టం కింద వేలాడే మొనదేలిన సూది అది. దానికి అయిదు గాట్లుంటాయి, క్లిప్ ఏ గాటులో పెడితే సూది ఆ ఎత్తులో నిలబడుతుంది. పూర్తిగా తెరిస్తే మెయిన్ జెట్. ఒకరి రాజ్యం ఎక్కడ ఆగి ఇంకొకరిది ఎక్కడ మొదలవుతుందో గీత గీసినట్టుండదు, కలిసిపోతుంటాయి. పైగా బాన్షీకి రెండు కార్బురేటర్లు, అంటే ఇదంతా రెండుసార్లు.

పెట్రోలు ఎక్కువైతే మిశ్రమం చిక్కన, ఇంగ్లీషు పుస్తకాల్లో రిచ్. తక్కువైతే పలచన, లీన్. చిక్కనైతే బండి బరువుగా, గొణుక్కుంటూ నడుస్తుంది, ప్లగ్గు మసిబారుతుంది, పొగ. విసుగే తప్ప ప్రమాదం లేదు. పలచనైతే మొదట్లో అన్నీ బాగుంటాయి. గొంతు కంచు మోగినట్టుంటుంది, వేలు కదపగానే దూకుతుంది. లోపల మాత్రం వేడి పెరుగుతుంటుంది, ఎందుకంటే పెట్రోలు మండడానికే కాదు, చల్లబరచడానికి కూడా. ఈ బండిలో ఆయిల్ కూడా పెట్రోల్లోనే కలిసి వస్తుంది కాబట్టి పెట్రోలు తగ్గితే పిస్టన్‌కి జిడ్డూ తగ్గుతుంది. ఎండలో పరిగెత్తేవాడికి నీళ్లు తగ్గించడమూ, చెప్పులు లాక్కోవడమూ ఒకేసారి చేసినట్టు. ఇంజన్ అత్యంత హుషారుగా ఉండే చోటూ, పిస్టన్ గోడకి అతుక్కుపోయే చోటూ పక్కపక్క ఇళ్లు.

మధ్యలో ఎత్తు ఒకటి. డెన్వర్ సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల పైన. ఇక్కడి గాలి సాంద్రత 15 శాతం తక్కువ, కాబట్టి చిన్న జెట్ సరిపోతుంది. కిందికి దిగితే గాలి చిక్కబడుతుంది, జెట్ పెంచాలి. 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, పర్సిగ్ ప్లగ్గు విప్పి మసి చూసి, ఇది ఎత్తు మహిమ అని పోల్చుకుంటాడు. మా తరం ఇంజనీరింగ్ కుర్రాళ్లందరిలాగే నేనూ ఆ పుస్తకాన్ని హాస్టల్లో సగమే చదివి తత్త్వం భాగాల కింద గీతలు గీశాను. ప్లగ్గు పేజీ కింద గీత లేదు, తర్వాత వెతికి చూశాను.

పర్సిగ్ కొండలెక్కాడు, నేను దిగాను. కాలిఫోర్నియా ఆగ్నేయ మూల, మెక్సికో సరిహద్దు దగ్గర గ్లామిస్ ఇసుక దిబ్బలు, పొడవు 70 కిలోమీటర్ల పైనే. చలికాలం అక్కడ ఇసుక బళ్ల జాతర. ఫీనిక్స్‌లో ఉండే కాలేజీ ఫ్రెండు పిలిచాడు, ఇంకో ఇద్దరు మనవాళ్లు కలిశారు. బండి అమ్మిన పెద్దాయన ముందే ఒక మందుబిళ్లల డబ్బా ఇచ్చాడు, ఒక్కో అరలో ఒక్కో జత జెట్లు. మూత లోపల మార్కర్‌తో రాశాడు: 5,000 అడుగులు 270. 500 అడుగుల లోపు 290. చలిగా ఉంటే 300.

గ్లామిస్‌లో దిగిన సాయంత్రమే బుద్ధిగా 290 వేశాను. బండి నచ్చలేదు. సగం థ్రాటిల్ దగ్గర గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు గుడగుడలాడుతోంది. మిగతావాళ్లు దిబ్బ మీదకి బాణాల్లా వెళుతుంటే నాది దగ్గుకుంటూ వెళుతోంది. ఫ్రెండు "ఏంట్రా, మీ ఊరి పాలవాడి బండిలా ఉంది" అన్నాడు. తెనాలివాణ్ని, ఆ మాట తగిలింది.

సగం థ్రాటిల్ గుడగుడ సూది సంగతి. క్లిప్ ఒక గాటు పైకి మార్చి సూదిని కిందికి దించితే పోయేది. అంతకు అయిదు పేరాల ముందు మీకు చెప్పింది నాకు అప్పుడూ తెలుసు. కానీ సూది మార్చాలంటే కార్బురేటర్ మూత విప్పాలి, స్ప్రింగు, కేబులు, ఇసుక, చీకటి. మెయిన్ జెట్ అయితే కింద బిరడా విప్పితే చాలు. పొద్దున లేచి, ఊపిరి పొగలా కనపడే చలిలో, 290 తీసి మళ్లీ 270 పెట్టాను. మెయిన్ తగ్గిస్తే మధ్యలో గుడగుడ కూడా కొంత తగ్గుతుంది. నన్ను ముంచింది అదే.

ఆ రెండు గంటలూ బండి ఎలా నడిచిందో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. నేను దిబ్బల మీద లేను, ఆ గొంతులో ఉన్నాను. ఫ్రెండే ఒకసారి ఆగి "ప్లగ్గు చూసుకోవా?" అన్నాడు. "గొంతు వినవా?" అన్నాను.

చూసే పద్ధతి కష్టమైనదేం కాదు. కొత్త ప్లగ్గులు పెట్టి, పూర్తి థ్రాటిల్ మీద పరిగెత్తించి, ఆ వేగంలోనే ఒక్కసారిగా స్విచ్ ఆపి క్లచ్ పట్టుకుని, బండి ఆగాక విప్పి చూడాలి. పింగాణీ అడుగున కాఫీ రంగు ఉంటే మంచిది, తెల్లగా ఉంటే జెట్ పెంచుకోవాలి. బండి బ్రహ్మాండంగా పోతున్నప్పుడే ఆపాలి, అదొక్కటే ఇబ్బంది. ఐడ్లింగ్‌లో తిప్పి చూస్తే ప్లగ్గు ఐడ్లింగ్ సంగతే చెబుతుంది.

ఓల్డ్స్‌మొబైల్ హిల్ అని అక్కడ పేరున్న దిబ్బ. నాలుగో గేరులో, బొటనవేలు చివరిదాకా నొక్కి (ఏటీవీకి యాక్సిలరేటర్ బొటనవేలితోనే) ఎక్కుతున్నాను. ఇసుక ఎంత శక్తిచ్చినా మింగుతుంది, ఇంజన్‌కి అంతకన్నా బరువైన పని లేదు. సగం పైన గొంతు మారింది. సన్నబడింది, పైకి వెళ్లింది. భలే ఉంది అనుకునే లోపు ఒక కీచు, వెనక చక్రాలు రెండూ బిగుసుకున్నాయి.

అప్పటికే నా ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ లాగేసి ఉన్నాయి. నేను లాగలేదు, చూసేసరికి లాగి ఉన్నాయి. చక్రాలు విడిపోయి బండి వంకరగా జారి పక్కకి ఒరిగి ఆగింది. మీద పడలేదు. వెనక వస్తున్నవాడు తప్పుకున్నాడు.

క్యాంపులో విప్పి చూస్తే ఎడమ ప్లగ్గు ముగ్గుపిండి వేసినట్టు తెల్లగా ఉంది, దాని మీద ఆవగింజలో పదో వంతు అల్యూమినియం చుక్కలు. పిస్టన్ తాలూకు చుక్కలు. ఆ చుక్కలు చూస్తూ నేను చేసిన మొదటి పని, బండి అమ్మిన పెద్దాయనకి మెసేజ్ పెట్టడం. నువ్వు చేయించిన సిలిండర్ పని చెత్త, దాచిపెట్టి అంటగట్టావు, ఈ రోజు నా ప్రాణం పోయేది. ఇంగ్లీషులో ఇంకా ఘాటుగా రాశాను. ఫ్రెండ్స్‌కీ అదే చెప్పాను. చీకట్లో ఎవరూ చూడకుండా 270 జెట్లు విప్పి డబ్బాలో వాటి అరలో పెట్టేశాను.

పది నిమిషాల్లో జవాబొచ్చింది. "నీకేం కాలేదు కదా? ఏ జెట్ మీద నడిపావు?"

నేను జవాబివ్వలేదు.

పుస్తకాల మీద అప్పుడప్పుడూ నాలుగు మాటలు రాస్తుంటాను. నేను మెచ్చిన కథల మీద రాసినవన్నీ ఆ మూడు వారాల్లో ఓసారి తిరగేస్తే, ఎక్కువసార్లు వాడిన పొగడ్త "ఒక్క మాట ఎక్కువ లేదు". పలచన చేసి మోగించిన కథలంటే నాకు ఇష్టం. ఇప్పుడు వాటిలో కొన్ని మళ్లీ చదివితే పూర్తి బరువు పడే చోట, అంటే మనిషి చావు దగ్గరో అబద్ధం దగ్గరో, జిడ్డు లేక అతుక్కుపోయినట్టు అనిపించింది. దీన్ని సిద్ధాంతం చెయ్యను. గరాజ్‌లో సిలిండర్ గోడ మీద అంటుకున్న అల్యూమినియాన్ని గీకుతున్నవాడికి అన్నీ అలాగే కనపడతాయేమో.

రెండు వేళ్ల సంగతి చెప్పాలి. నాన్నకి ఆర్‌ఎక్స్ 100 ఉండేది. తెనాలి నుంచి గుంటూరుకి రోజూ దాని మీదే ఉద్యోగానికి వెళ్లొచ్చేవాడు, రానూపోనూ యాభై కిలోమీటర్లు. ఆర్‌ఎక్స్‌కి ఆయిల్ విడిగా పోసుకునే పంపు ఉంటుంది, అది మూయించేసి పెట్రోల్లోనే కలుపుకునేవాడు, లెక్క తన చేతిలో ఉంటుందని. నాకు ఎనిమిదేళ్లప్పుడు గుంటూరులో పెళ్లికి వెళ్లి వస్తున్నాం. నేను ట్యాంక్ మీద, అమ్మ వెనక. ఎండ. దారిలో బండి ఒక్కసారి కీచుమంది. నాన్న క్లచ్ పట్టేశాడు. బండి ఊగి ఊగి రోడ్డు పక్క తుమ్మచెట్ల దగ్గర ఆగింది. అమ్మ దిగి కూర్చుండిపోయింది. వెనకే వస్తున్న లారీ హారన్ కొట్టుకుంటూ మా పక్కనుంచి పోయింది. ఆ లారీ చక్రాల ఎత్తు నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పణ్నుంచి నాన్న ఎప్పుడు బండి నడిపినా ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ మీదే ఉండేవి. నాకు బండి నేర్పినప్పుడు ముందు నేర్పింది అదే. "టూ స్ట్రోకు ఎప్పుడు పట్టేస్తుందో తెలీదురా, వేళ్లు తియ్యకు." గేర్ల బండి వదిలేసి పదేళ్లయినా నా వేళ్లు తియ్యలేదు.

బండి ఎందుకు పట్టేసిందన్న దానికి మా ఇంట్లో ఒకటే కథ. మెకానిక్ వెధవ పని చేశాడు. అతని షాపు మా వీధి చివరే. బోరింగ్, కొత్త పిస్టన్, రింగులు కలిపి నాన్న జీతంలో పెద్ద ముక్కే పోయింది. ఆ తర్వాత బండి వేరే షాపుకి మారింది. అమ్మ అటు వెళ్లినప్పుడల్లా మొహం తిప్పుకునేది, నేనూ తిప్పుకునేవాణ్ని. ఓసారి అతను నన్ను పిలిచి సైకిల్ చెయిన్ ఎక్కించబోతే, వద్దని నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. నాకది ఘనకార్యంగా గుర్తుండిపోయింది. ఇంటర్లో స్నేహితులకి కూడా చెప్పుకున్నాను.

ఇప్పుడు ఆ వీడియో కాల్. ప్లగ్గు తీశాను, ఫోన్‌కి దగ్గరగా పెట్టాను. ఇంకా కొత్త ఇంజన్, పెద్దగా తెలిసేదేం లేదు. నాన్న పెట్రోలు గురించి అడిగాడు. ఇక్కడ పది శాతం ఇథనాల్ అన్నాను. "ఇక్కడ ఇరవై చేశారు, మైలేజీ పడిపోయింది" అన్నాడు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్ మీద మిశ్రమం ఇంకాస్త పలచనవుతుందని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన వింటూ విని అడిగాడు.

"ఎంత జెట్ మీద పట్టేసింది?"

"290 పెట్టాలి. 270 మీద నడిపా."

ఇది ఇంకెవరికీ చెప్పలేదు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. కాల్ ఆగిపోయిందేమో అనుకున్నాను. వెనక గోడ మీద క్యాలెండర్ కదులుతోంది.

"మిక్సీ వేస్తోందిలే మీ అమ్మ, వినపడదు" అన్నాడు. నాకు ఏ మిక్సీ వినపడలేదు. ఫోన్ దాన్నీ తీసేసింది. నిశ్శబ్దంలో నాన్న గొంతు ఒక్కటే, పక్కన కూర్చున్నట్టు వస్తోంది.

"జెట్లో తీగ పెట్టమన్నది నేనేరా."

అప్పట్లో అదొక వైద్యం. కరెంటు వైరు ఒలిచి అందులోంచి ఒక్క పోగు రాగితీగ తీసి మెయిన్ జెట్ బెజ్జంలో దూర్చేవాళ్లు. బెజ్జం సన్నబడి పెట్రోలు తగ్గుతుంది, లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు కలిసొచ్చినట్టుంటుంది. మెకానిక్ వద్దన్నాడట. లాంగ్ తిప్పుతారు, ముగ్గురు ఎక్కుతారు, వద్దు సార్ అన్నాడట. నాన్న నిలబడి పెట్టించుకున్నాడు.

"మరి అమ్మకి అలా ఎందుకు చెప్పావు?"

"అప్పటికే మీ అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయి. మళ్లీ బోరింగుకి డబ్బులు. ఏమని చెప్పను? రోడ్డు మీద కూర్చుని ఏడుస్తోంది, ఆ మెకానిక్కేరా అనేశా. అనేశాక ఇంక..."

"ఆయన ఏమీ అనలేదా?"

"ఏమంటాడు. బోరింగు కూడా ఆయన దగ్గరే చేయించా. తీగ తీసి నా చేతిలో పెట్టాడు. అంతే."

ఆయన ఇప్పుడెక్కడ అని అడిగాను. కరోనా రెండో ఏడు పోయాడని చెప్పాడు. చూడ్డానికి వెళ్లావా అంటే, అప్పుడు ఎవరు ఎవరిని చూశార్రా అన్నాడు. అని, మిక్సీ ఆగినట్టుంది, ఒక్కసారిగా గొంతు పెంచి "అయితే ఇంజన్ రన్నింగ్‌లో ఉన్నన్నాళ్లూ పీకమాకు, మెల్లగా తిప్పు" అన్నాడు. అమ్మ ఫ్రేములోకి వచ్చింది. "అర్ధరాత్రి ఆ బండి గోలేంటి, తిన్నావా?" అంది.

కాల్ పెట్టేశాక రెండు జతల జెట్లూ అరచేతిలో పోసుకుని ట్యూబులైటుకి పట్టి చూశాను. 270కీ 290కీ కంటికి తేడా తెలీదు, నంబరు చదవాల్సిందే. ఇక్కడ డెన్వర్‌లో కొత్త ఇంజన్ అలవాటయ్యేదాకా ఒక మెట్టు చిక్కగా ఉంచుదామని 280 బిగించాను. ఈసారి మూత విప్పి, స్ప్రింగు తీసి, సూది క్లిప్ కూడా ఒక గాటు పైకి మార్చాను. నలభై నిమిషాలు పట్టింది, రెండు కార్బురేటర్లకీ కలిపి.

పెట్రోలు చేతులతోనే ఫోన్ తీసి ఆ పెద్దాయన మెసేజ్ తెరిచాను. మూడు వారాల కిందటి ప్రశ్న అలాగే ఉంది. మొదట పెద్ద క్షమాపణ టైప్ చేశాను. ఎత్తు, చలి, చీకటి, సూది, అన్నీ వివరించాను. చదువుకుంటే మళ్లీ ఇంజన్ మీదకే నెట్టినట్టుంది. చెరిపేశాను.

"270 మీద. సిలిండర్ పని బాగానే ఉంది. తప్పు నాది" అని పంపాను.